మాయ పడకముందే దూడకు ముర్రుపాలు పట్టొచ్చా?

మాది గుంటూరు జిల్లా, తెనాలి దగ్గర పల్లెటూరు. తొలిసూరి ముర్రా గేదె నేడో రేపో ఈనేలా ఉంది, పొదుగు బాగా దిగింది. మా నాయనమ్మ మాయ (ఈనాక గేదె కడుపులోంచి బయటపడే పొర) పడేదాకా దూడని పొదుగు దగ్గరికి రానీయొద్దంటుంది. పశువుల డాక్టరు గారేమో గంట, రెండు గంటల్లోపే పట్టమన్నారు. రోగాల్ని తట్టుకునే శక్తి కడుపులో ఉండగా దూడకు అందదట, ముర్రుపాలతోనే రావాలట. 24 గంటలు దాటితే పేగులు దాన్ని పీల్చుకోలేవట. నాకు ఆయన మాటే సబబనిపిస్తోంది. (ఇంట్లో సగం మంది ధ్యాస జున్ను మీదే ఉంది, అది వేరే సంగతి.)

నా టెన్షన్ ఏంటంటే, ఇది చన్ను ముట్టుకుంటేనే కాలు విసురుతుంది. తాగనివ్వకపోతే పాలు పిండి సీసాతో పట్టాలి. దూడ బరువులో పదో వంతు పట్టాలంటే 30 కిలోల దూడకి 3 లీటర్లు. ఒకేసారి పట్టాలా, విడతలుగానా? దూడ చీకకుండా మెడ వాల్చేస్తే ఏం చేస్తారు? గొట్టంతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయేమోనని భయం.

పక్కింటివాళ్ళ గేదె ముర్రుపాలు డీప్ ఫ్రిజ్‌లో ఉన్నాయి, అవసరమైతే ఇస్తామన్నారు. పొయ్యి మీద పెడితే గడ్డకట్టి జున్నయిపోతాయి కదా, గోరువెచ్చని నీళ్ళలో ఎంతసేపు ఉంచాలి? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త త్వరగా చెప్పండి.