గంజాం పోటగడ ఫిరంగులు ఋషికుల్య మొగను కాసేవా?

ప్రశ్న – ఛత్రపురం పాఠకుడు
గంజాం ఊరి పోటగడ కోటను 1768లో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కట్టించాడు కదా. ఋషికుల్య నది మొగలోకి, అంటే అది సముద్రంలో కలిసే చోటికి, వచ్చే ఓడల్ని ఆపడానికే కట్టారంటారు. మ్యాపులో చూస్తే మొగ కోటకు బాగా ఎడంగా ఉంది. ఆనాటి గుండు అంత దూరం పోయేదా? నక్షత్రం ఆకారం ఎందుకు?

జవాబు – బరంపురం, పాత ఫిరంగులు
ఇవాళ్టి మొగ నుంచి కొలవకండి. ఈ తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఇసుక దిబ్బ అటే పెరుగుతుంది, మొగ దాంతోపాటు జరుగుతుంది. పెద్ద వరదకు దిబ్బ తెగితే మళ్లీ కొత్త దారి. సముద్రం ఇళ్లను మింగిన పొదంపేట జాలర్లకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక గుండు. పన్నెండు పౌన్ల ఫిరంగి గుండు బరువు సుమారు 5.4 కిలోలు. మసి, తుప్పు పట్టినా లోపలికి జారాలని గుండును గొట్టం కంటే కాస్త సన్నగా పోస్తారు. ఆ సందులోంచి మందు బలం కొంత వృథాగా పోతుంది. గుండు గొట్టం గోడలకు తగులుతూ వెళ్లి, బయటపడ్డాక పక్కకు తిరుగుతుంది. మైలు దాకా పోవచ్చు గానీ, కదిలే పడవను కొట్టాలంటే కిలోమీటరు లోపే. పేల్చిన ప్రతిసారీ తడి కుచ్చుతో గొట్టం తుడవాల్సిందే. ఒక్క నిప్పురవ్వ మిగిలినా, కొత్త మందు సంచి దూర్చేవాడి చేతుల్లోనే పేలుతుంది.

జవాబు – పర్లాకిమిడి
పై లెక్క సరైనదే అండి, కానీ ఓడలు అసలు మొగలోకే వచ్చేవి కావు. ఇసుక మేట అడ్డం కాబట్టి బయట సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకు మసూలా పడవల్లో ఒడ్డుకు చేరేది. వాటి పలకలను మేకులతో బిగించరు, కొబ్బరి తాడుతో కుడతారు. అల కొట్టినప్పుడు వంగుతాయే గాని పగలవు.

కాబట్టి కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) వారి భయం ప్రధానంగా నేల వైపే అని నా గట్టి అభిప్రాయం. ఉత్తర సర్కార్లు, అంటే ఈ తీర జిల్లాలు, 1766లో నిజాంతో కుదిరిన ఒప్పందంతో వారి చేతికొచ్చాయి. 1768లోనే మా పర్లాకిమిడి రాజు నారాయణదేవు జలుమూరు దగ్గర వారి సేనతో తలపడి ఓడాడు. నక్షత్రం ఆకారానికి కారణమూ ఇక్కడే ఉంది. గుండ్రటి బురుజు అడుగున శత్రువు నక్కితే పైనుంచి కొట్టలేరు. నక్షత్రం కొనల్లో ఒకదాని గోడ మొదలును పక్క కొన మీది ఫిరంగి ఊడ్చేస్తుంది. మట్టికట్ట గుండును తనలో దిగేసుకుంటుంది. రాతిగోడైతే పగిలి, ఆ పెచ్చులే లోపలివాళ్లను చంపుతాయి.

అయినా ఊరిని ఖాళీ చేయించింది శత్రువు కాదు, 1815 నాటి విషజ్వరం.

జవాబు – బరంపురం, పాత ఫిరంగులు
ఒప్పుకుంటున్నాను. చూడ్డానికి వెళ్తే మాఘ ఫాల్గుణాల్లో వెళ్లండి, పొదలు ఎండి కందకం అంచు తెలుస్తుంది. మట్టికట్ట మీదికి ఎక్కొద్దు. కాలిబాట పడిన చోటే వానకు గండి పడుతుంది.