పాత ప్రీమియర్ పద్మిని కారును ఇంట్లోనే బాగుచేసుకోవాలంటే ముందు ఏ పని చేపట్టాలి?

ప్రశ్న:
మా నాన్నగారి 1986 నాటి ప్రీమియర్ పద్మిని చాలా ఏళ్లుగా ఏలూరులో మా షెడ్డులోనే ఉంది. నెలనెలా కొంత డబ్బు పెట్టుకుంటూ, చేతనైనంత పని ఇంట్లోనే చేసుకుంటూ దానిని మళ్లీ రోడ్డెక్కించాలని నా కోరిక. ముందు రంగు వేయించి, ఆ తర్వాత ఇంజను సంగతి చూడమని బంధువులు అంటున్నారు. ఈ వరుస సరైనదేనా?

జవాబు 1:
రంగు అన్నిటికన్నా చివరి పని అండీ. పద్మినికి విడిగా ఫ్రేము ఉండదు, బాడీయే మొత్తం బరువు మోస్తుంది కనుక, అడుగు రేకూ తలుపుల కింది అంచులూ తుప్పు తిని ఉంటే పైన ఎంత మంచి రంగు వేయించినా ఆ డబ్బు దండగే. చిన్న అయస్కాంతానికి పలుచటి గుడ్డ చుట్టి బాడీ మీద మెల్లగా జరుపుతూ పోండి. అది అంటుకోకుండా జారిన చోట మందంగా పుట్టీ పెట్టి ఉన్నట్టే. తర్వాత కాళ్ల దగ్గరి మ్యాట్లు ఎత్తి, రేకును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. లోపలికి దిగితే అంతమేర కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. ఈ పనికి మాత్రం ఖర్చుకు వెనకాడవద్దు. విజయవాడ ఆటోనగర్ మీకు దగ్గరే కనుక పాత బండ్లు తెలిసిన టింకరింగ్ (రేకు పని) మేస్త్రీని వెతికి పట్టుకోండి.

జవాబు 2:
ఇంజనును వెంటనే స్టార్ట్ చేయవద్దు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండరులో కొద్దిగా ఆయిల్ పోసి, రెండు మూడు రోజులు నాననిచ్చి, అప్పుడు చేత్తో తిప్పి చూడండి. ట్యాంకులోని పాత పెట్రోలంతా తీసేసి, కార్బురేటరు (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే భాగం) విప్పి కడగండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, దానికి పాత రబ్బరు పైపులు నిలవవు కనుక వాటిని మార్చవలసిందే. ట్యాంకుకు చిల్లు ఉంటే ఇంట్లో వెల్డింగ్ పెట్టకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి చాలు, పేలిపోవడానికి. బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే కాబట్టి వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర బ్రేకును నొక్కే భాగాల) కిట్లు మార్చడం ఓపిక ఉన్నవారికి కష్టం కాదు, కానీ ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు.

జవాబు 3:
రూపాయి ఖర్చు పెట్టకముందే ఆర్‌సీ తీసి చూడండి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 50 ఏళ్లు దాటిన బండ్లకున్న వింటేజ్ రిజిస్ట్రేషన్ మీ బండికి వర్తించదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఆర్‌సీ నాన్నగారి పేరనే ఉంది, 2011 తర్వాత రెన్యువల్ కాలేదు. టింకరింగ్‌లో, బండి గుర్తింపు కోసం రేకు మీద కొట్టి ఉండే ఛాసిస్ నంబరు దెబ్బతింటుందేమోనని నా భయం.

జవాబు 3:
ఆ భయం సబబే. ఆ నంబరున్న రేకును కోయవద్దని, దాని మీద గ్రైండరు పెట్టవద్దని మేస్త్రీకి ముందే చెప్పి, ఫోటో తీసి ఉంచుకోండి.