గ్లూకోజ్ అందగానే ఈస్ట్ కొన్ని ఎంజైములనే ఎంచి ఎలా తొలగిస్తుంది?

ప్రశ్న:
ఇథనాల్ మీద పెరుగుతున్న ఈస్ట్‌కు గ్లూకోజ్ ఇస్తే, అంతవరకు చక్కెరను తయారు చేసుకోవడానికి పనికొచ్చిన ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పరిమాణం సుమారు అరగంటలో సగానికి పడిపోతుందని చదివాను. అదే సైటోప్లాజంలో దాని పక్కనే ఉన్న గ్లైకాలసిస్ (చక్కెరను విరిచే ప్రక్రియ) ఎంజైములు మాత్రం చెక్కుచెదరవు. కణం ఈ తేడాను ఎలా పసిగడుతుంది? పైగా ఈ ఎంజైమ్ పనిని ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేట్ అనే చిన్న అణువు వెంటనే అడ్డుకోగలిగినప్పుడు, దాన్ని నాశనం చేయవలసిన అవసరమేమిటి?

మొదటి సమాధానం:
గుర్తు ప్రోటీన్ మొదటి కొసనే ఉంటుంది. తయారీ సమయంలో ముందున్న మిథియోనిన్ తెగిపోయాక ఈ ఎంజైమ్‌కు కొసన ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం మిగులుతుంది. ఐసోసిట్రేట్ లయేజ్‌కూ, సైటోప్లాజంలోని మాలేట్ డీహైడ్రోజినేజ్‌కూ అంతే. ఆ ప్రోలీన్‌ను జిడ్4 అనే ప్రోటీన్ తన గాడిలో ఇముడ్చుకొని పట్టుకుంటుందని 2017లో వర్షవ్‌స్కీ బృందం చూపింది. జిడ్4 ఒక పెద్ద యుబిక్విటిన్ లైగేజ్ (తొలగించవలసిన ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తుగా తగిలించే ఎంజైమ్) సముదాయంలో భాగం. సముదాయంలోని తక్కిన ప్రోటీన్లు గ్లూకోజ్ లేనప్పుడే కూడి సిద్ధంగా ఉంటాయి గానీ, జిడ్4 మాత్రం గ్లూకోజ్ వచ్చాకే తయారై వాటితో చేరుతుంది. యుబిక్విటిన్ గొలుసు తగిలిన ఎంజైమ్‌ను ప్రోటియాసోమ్ అనే ప్రోటీన్లను నరికే కణ యంత్రం ముక్కలు చేస్తుంది. కొసనున్న ప్రోలీన్‌ను మార్చేస్తే ఎంజైమ్ నిలిచిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. అయితే కొసన ప్రోలీన్ ఉన్న ప్రోటీన్లన్నీ ఇలాగే పోవాలి కదా?

రెండవ సమాధానం:
పోవలసిన అవసరం లేదు. ప్రోలీన్ తర్వాతి అమైనో ఆమ్లాలు కూడా జిడ్4 పట్టుకు అనుకూలించాలి, కొస మడత పడకుండా బయటికి వేలాడాలి, యుబిక్విటిన్ తగిలించదగిన లైసీన్ అనే అమైనో ఆమ్లాలు అందుబాటులో ఉండాలి. బిస్‌ఫాస్ఫటేజ్ విషయంలో మరో విశేషం ఉంది: అది నాలుగు ఉపభాగాలు కలిసిన అణువు కాబట్టి నాలుగు ప్రోలీన్ కొసలున్నాయి. సముదాయంలో జిడ్7 అనే మరో ప్రోటీన్ చేరినప్పుడు రెండు లైగేజ్‌లు జతకూడి పెద్ద వలయంగా ఏర్పడి, ఆ అణువును మధ్యలో ఉంచి ఎదురెదురు వైపుల నుంచి పట్టుకుంటాయని 2021లో వెలువడిన నిర్మాణ చిత్రాలు చూపాయి. ఎంపికలోని నిఖార్సైన పదును ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మూడవ సమాధానం:
అవసరం గురించి అడిగారు. చక్కెర తయారీ, చక్కెర విచ్ఛేదం అనే రెండు వ్యతిరేక చర్యలూ ఒకేసారి సాగితే కణానికి శక్తినిచ్చే ఏటీపీ వృథాగా ఖర్చవుతుందన్నది పాఠ్యపుస్తకాల వివరణ. కానీ ఈ ఎంజైమ్‌ను గ్లూకోజ్‌లో బలవంతంగా నిలిపి ఉంచిన ఈస్ట్ పెరుగుదలకు పెద్దగా నష్టం కనబడలేదు. ఈ నియంత్రణతో దక్కే లాభం స్వల్పమేనని ఆ ప్రయోగాలు సూచించాయి. కనుక తక్షణ నిరోధమే అసలు అడ్డుకట్ట, విచ్ఛేదం దాని వెనుక నిదానంగా జరిగే సర్దుబాటు అని నేను భావిస్తాను.

మరొక జాగ్రత్త అవసరం. ఇదే ఎంజైమ్ రిక్తికలోకి (కణంలో పదార్థాలను జీర్ణించే సంచిలోకి) చేరి నశిస్తుందని 1991లో చియాంగ్, షెక్‌మన్ ప్రకటించారు. ప్రోటియాసోమ్‌దే ఆ పని అని వూల్ఫ్ బృందం చూపింది. గ్లూకోజ్ ఇవ్వడానికి ముందు కణాలను ఎంతసేపు, ఏ కర్బన మూలంపై ఉంచారన్న దానిని బట్టి మార్గం మారుతుందన్న వాదన ఉంది కాబట్టి, రెండు పత్రాల ఫలితాలను పోల్చేటప్పుడు మొదట ఆ వివరాలనే చూడండి. నత్రజని కొరత మాత్రం పూర్తిగా వేరే సంగతి: అప్పుడు ఆల్డ్6 అనే ఎసిటాల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ ఆటోఫేజీ (కణం తన భాగాలనే చుట్టి జీర్ణించుకునే ప్రక్రియ) ద్వారా ఇతర ప్రోటీన్ల కంటే త్వరగా రిక్తికకు చేరి కరిగిపోతుంది.