"సురక్షితమైన సైటు" అనొచ్చా? తాళం, తాళంచెవి, ముద్ర: ఏ మాట ఎక్కడ

ప్రశ్న

అందరికీ నమస్కారం. రిటైరైన టీచర్ని. మా కాలనీ లైబ్రరీలో పెద్దవాళ్లకి ఫోన్‌లో బ్యాంకు పనులు చేసుకోవడం నేర్పుతున్నాం. వాళ్లకి పంచడానికి చిన్న కరపత్రం రాస్తున్నాను. అందులో "అడ్రసు ముందు తాళం గుర్తు ఉంటే అది సురక్షితమైన సైటు" అన్నాను. ఎన్‌క్రిప్షన్‌ని గుప్తీకరణ అన్నాను, పబ్లిక్ కీని "బహిరంగ తాళం" అన్నాను. చదివి చూడమని ఇద్దరికి ఇస్తే ఇద్దరూ ఆ తాళం దగ్గరే ఆగిపోయారు. ఏం మాట వాడితే బాగుంటుందో చెప్పగలరు.

జవాబు

గుప్తీకరణ తప్పు కాదండీ, కానీ మీ పాఠకులకి బరువు. వాట్సాప్ వాడేవాళ్లు ఎన్‌క్రిప్షన్ అన్న మాట రోజూ చూస్తూనే ఉంటారు. దాన్నే ఉంచి, పక్కన "దారిలో ఎవరూ చదవలేకుండా మార్చి పంపడం" అని ఒక్కసారి రాస్తే చాలు.

జవాబు

మాస్టారూ, నేను సర్వర్ల పనిలో ఉన్నవాణ్ణి. మీ పాఠకులు సరైన చోటే ఆగారు.

తెలుగులో తాళం అన్న మాటకి రెండు పనులున్నాయి. "తలుపుకి తాళం వెయ్యి" అంటే తాళంకప్ప. "బండి తాళాలు ఎక్కడ పెట్టావ్" అంటే తాళంచెవులు. ఇంట్లో దీనితో ఏ ఇబ్బందీ లేదు, సందర్భమే అర్థం చెప్పేస్తుంది. ఇక్కడ మాత్రం విషయమంతా అందరికీ ఇచ్చేది (పబ్లిక్ కీ) ఏది, దాచుకునేది (ప్రైవేట్ కీ) ఏది అన్న తేడా మీదే నిలబడి ఉంది. "బహిరంగ తాళం" అనగానే చదివేవాళ్లకి బ్యాంకు వాళ్లు తాళంచెవిని ఊరందరికీ పంచిపెట్టినట్టు అనిపిస్తుంది. భయపడరా మరి!

పోనీ "తాళంకప్ప" అని విడమరిచి రాద్దామా అంటే, అది పాత పద్ధతికే సరిపోతుంది. అప్పట్లో బ్రౌజర్ ఒక రహస్య సంఖ్యను ఎంచుకుని, సైటు ఇచ్చిన పబ్లిక్ కీతో దాన్ని మూసి పంపేది. తెరవగల ప్రైవేట్ కీ సైటు దగ్గరే ఉండేది. ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. ఎవరైనా ఆ రాకపోకలన్నీ రికార్డు చేసి పెట్టుకుని, కొన్నేళ్ల తర్వాత ఆ ప్రైవేట్ కీ ఎలాగో సంపాదిస్తే పాత సంభాషణలన్నీ తెరుచుకుంటాయి. బ్రౌజరూ సైటూ ఎన్‌క్రిప్షన్‌తో మాట్లాడుకునే నియమాల పేరు టీఎల్ఎస్. 2018లో వచ్చిన దాని 1.3 వెర్షన్ ఆ పద్ధతిని పూర్తిగా తీసేసింది. అందులో సైటు తాలూకు ఆ కీతో రహస్యాన్ని మూసి పంపడం అంటూ లేదు. రెండు వైపులా కూర్చుని లెక్క వేస్తే ఒకే జవాబు వస్తుంది, అంతే. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి ఇది. చిన్న అంకెలతో చేసి చూడండి, లెక్కల మాస్టారికి చెప్పినా ఆనందిస్తారు.

2, 13 అనే అంకెలు అందరికీ తెలుసనుకుందాం. మీరు మనసులో 4 అనుకున్నారు. 2ని నాలుగుసార్లు గుణిస్తే (2×2×2×2) 16, దాన్ని 13తో భాగిస్తే శేషం 3. ఆ 3 నాకు పంపారు. నేను 5 అనుకున్నాను. 2ని ఐదుసార్లు గుణిస్తే 32, 13తో భాగిస్తే శేషం 6. అది మీకు పంపాను. ఇప్పుడు మీరు నా 6ని నాలుగుసార్లు గుణిస్తే 1296, శేషం 9. నేను మీ 3ని ఐదుసార్లు గుణిస్తే 243, దాని శేషం కూడా 9. మధ్యలో వినేవాడికి 2, 13, 3, 6 దొరికాయి, 9 మాత్రం ఎవరూ దారిలో పంపలేదు. ఇంత చిన్న అంకెలైతే వాడు కూర్చుని కనుక్కోగలడు. నిజంగా వాడేవి ఎంత పెద్దవంటే వెనక్కి లెక్క కట్టడం ఇప్పుడున్న కంప్యూటర్ల వల్ల కాదు. ఆ ఉమ్మడి సంఖ్య నుంచే మిగతా సంభాషణకి వాడే కీలు తయారవుతాయి. పని అయిపోగానే ఆ రహస్యాలను పారేస్తారు.

ఈ లెక్కకి తెలియనిది ఒకటుంది: అవతల ఉన్నది ఎవరు? మీరు 9 పంచుకున్నది బ్యాంకుతోనా, మధ్యలో దూరిన దొంగతోనా? దానికోసమే సర్టిఫికెట్. అందులో సైటు పేరు, దాని పబ్లిక్ కీ, గడువు తేదీ, వాటి కింద సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ డిజిటల్ సంతకం ఉంటాయి. సైటు తన ప్రైవేట్ కీతో ఈ సంభాషణ మీద సంతకం చేస్తుంది, బ్రౌజర్ పబ్లిక్ కీతో సరిచూసుకుంటుంది. అంటే ఈనాటి టీఎల్ఎస్‌లో ఆ కీ పని మూయడం కాదు, సంతకం సరిచూడడం. అందుకే ఇక్కడ "ముద్ర" అన్న మాట నాకు సబబుగా తోస్తుంది. మన కాగితాల మీద ముద్ర చేసే పని కూడా అదే: ఎవరిచ్చారో చెబుతుంది, తర్వాత దిద్దితే పట్టిస్తుంది.

ఆ ముద్ర వేసే చోటే తప్పు జరిగితే ఎంత గొడవో రెండు ఉదాహరణలు చెబుతాను. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సంస్థలోకి చొరబడి గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. దానితో ఇరాన్‌లో జనం జీమెయిల్ మీద నిఘా పెట్టారు. ఆ ఏడాదే సంస్థ దివాలా తీసింది. 2014 జులైలో మన దేశంలోనే ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే సంస్థ) సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ పేర్లకి అనుమతి లేని సర్టిఫికెట్లు వెలువడ్డాయి. వాటిని రద్దు చేశారు. ఆ తర్వాత క్రోమ్ మన ప్రభుత్వ మూల సర్టిఫికెట్‌ని (దాని కింద ఇచ్చినవాటన్నిటి నమ్మకానికీ ఆధారం ఇదే) కొన్ని భారతీయ డొమైన్లకే, అంటే సైటు పేర్లకే, పరిమితం చేసింది.

ఇక మీ మొదటి వాక్యం. నా అసలు అభ్యంతరం దాని మీదే. "సురక్షితమైన సైటు" అనకండి, దయచేసి. భద్రంగా ఉండేది దారి. మీ ఫోన్‌కీ ఆ సైటుకీ మధ్య వైఫై ఇచ్చినవాడు గానీ, నెట్ కంపెనీ గానీ మీ పాస్‌వర్డ్ చదవలేరు, మార్చలేరు. మీరు ఏ సైటుకి వెళ్లారన్నది మాత్రం చాలాసార్లు వాళ్లకి తెలుస్తుంది. దారి చివర ఉన్నవాడు మంచివాడో కాదో ఆ గుర్తు చెప్పదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు 2015 నుంచి సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తున్నాయి. అది చాలా మేలు చేసింది, చిన్న బ్లాగులకి కూడా ఎన్‌క్రిప్షన్ వచ్చింది. వాళ్లు చూసేది ఆ డొమైన్ పేరు మీ చేతిలో ఉందా లేదా అన్నదే. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి కొన్న దొంగకి కూడా ఆ పేరు వాడి చేతిలోనే ఉంటుంది కదా.

ఇంకో సంగతి. 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ తాళం గుర్తునే తీసేసింది. దాని అర్థం సరిగ్గా తెలిసినవాళ్లు తమ 2021 పరిశీలనలో 11 శాతమేనని గూగుల్ చెప్పింది. మీ కరపత్రం పట్టుకుని క్రోమ్‌లో వెతికితే మీ వాళ్లకి తాళం కనబడదు, ఊరికే టెన్షన్ పడతారు.

జవాబు

మా అనంతపురం వైపు బీగం, బీగంచెవి అంటాం అన్నా. రెండూ వేరువేరు మాటలే. పాత పద్ధతి చెప్పేటప్పుడైనా బీగం వాడితే తికమక ఉండదు.

జవాబు

బాగుంది తమ్ముడూ. కానీ మాస్టారి పాఠకుల్లో బీగం తెలియనివాళ్లు కూడా ఉంటారు. కీని కీ అనే ఉంచడం మేలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. లెక్క కాగితం మీద చేశాను, 9 వచ్చింది! తాళం వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "అడ్రసు హెచ్‌టీటీపీఎస్ (https) తో మొదలైతే మీరు టైపు చేసేది దారిలో ఎవరూ చదవలేరు. అది మీ బ్యాంకేనా అన్నది మీరే చూసుకోవాలి. అడ్రసులోని పేరు అక్షరం అక్షరం చదవండి. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకండి, బ్యాంకు యాప్ తెరవండి." "దారిలో" అన్నది వాళ్లకి అర్థమవుతుందా, "మధ్యలో" అంటే నయమా?

జవాబు

"మధ్యలో" అనండి మాస్టారూ. దారిలో అంటే బయట రోడ్డు మీద ఫోన్ వాడడం గురించి అనుకునే ప్రమాదం ఉంది.