ఏఏసీ బ్లాకులతో గోడలు కడితే పగుళ్లు వస్తాయా?

ప్రశ్న:
ఇల్లు కట్టుకుంటున్నాం. పిల్లర్లు, బీములు, స్లాబ్ అయిపోయాయి. గోడలకు ఏఏసీ బ్లాకులు (లోపల గాలి గదులుండే తేలికపాటి కాంక్రీట్ బ్లాకులు) వాడమని ఇంజనీర్ గారు అంటున్నారు. మేస్త్రి మాత్రం "వద్దండీ, ఏడాది తిరిగేసరికి గోడంతా పగుళ్లే" అంటున్నాడు. మా బంధువుల ఇంట్లో నిజంగానే పిల్లర్ పక్కన పైనుంచి కిందిదాకా గీత పడింది. అది చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. వాడినవాళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:
మేస్త్రి చూసిన పగుళ్లు నిజమే అయ్యుంటాయండీ. కానీ తప్పు బ్లాకుది కాదు, దాన్ని ఎర్ర ఇటుకలాగే కట్టడం వల్ల వచ్చేవి అవి. మా ఇంట్లో కింది అంతస్తు అలాగే చెడగొట్టుకున్నాం, పై అంతస్తు జాగ్రత్తగా కట్టించుకున్నాం. కింద, బ్లాకులు దిగిన రోజే పైపుతో నానేదాకా తడిపారు. గోడ లేచిన వారానికే ప్లాస్టరింగ్ చేసేశారు. కొన్ని నెలలకు మీరు చెప్పిన గీతే, పిల్లర్ పక్కనే వచ్చింది.

ఎందుకంటే, ఈ బ్లాకులో సిమెంటు, సున్నం, ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే సన్నని బూడిద) లేదా ఇసుక, కొంచెం జిప్సం, చాలా కొద్దిగా అల్యూమినియం పొడి ఉంటాయి. ఆ పొడి సున్నంతో కలిసి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. దాంతో ముద్ద పొంగి, లోపల సన్నని గాలి గదులు ఏర్పడతాయి. తర్వాత కోసి, ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో 180 నుంచి 200 డిగ్రీల ఆవిరిలో గంటల తరబడి ఉంచుతారు. బయటికొచ్చినప్పుడు బ్లాకు నిండా తేమే. అది మెల్లగా ఆరుతూ కొద్దిగా కుదించుకుంటుంది. కుదింపు కట్టకముందే చాలావరకు అయిపోతే బాధ లేదు. ప్లాస్టరింగ్ అయ్యాక జరిగితే గోడ ఎక్కడో ఒకచోట విడిపోవాలి కదా. పిల్లర్ దాంతోపాటు కుదించుకోదు కాబట్టి అతుకు దగ్గరే విడిపోతుంది.

అందుకే బ్లాకులు ముందే తెప్పించి, నేల తగలకుండా చెక్కల మీద పేర్చి, వాన పడకుండా కప్పి, పక్కల గాలి ఆడేలా వదలండి. కట్టేటప్పుడు దుమ్ము దులిపి, తడి బ్రష్‌తో ఒకసారి రాస్తే చాలు. నానబెట్టడం ఎప్పుడూ వద్దు.

ప్రశ్న:
చాలా థాంక్సండీ. మంచి సరుకు అని ఎలా తెలుసుకోవాలి? సీఎల్‌సీ బ్లాకులు కూడా ఇలాంటివేనా?

జవాబు:
రెండూ ఒకటి కాదండీ. సీఎల్‌సీ కూడా తేలికపాటి కాంక్రీట్ బ్లాకే, కానీ అందులో నురుగు కలుపుతారు, ఆటోక్లేవ్ ఉండదు. ఆరేటప్పుడు కుదింపు ఎక్కువ. నేనైతే గోడలకు ఏఏసీనే ఎంచుకుంటాను.

బరువు తూచి చూడండి. 600 × 200 × 200 మిల్లీమీటర్ల బ్లాకు, సాంద్రత ఘనపు మీటరుకు 550 నుంచి 650 కిలోలు ఉంటే, ఆరాక 13 నుంచి 16 కిలోలు తూగాలి. బాగా ఎక్కువుంటే ఇంకా పచ్చిగా ఉందనో, వేరే సరుకనో అర్థం. పది బ్లాకుల ఎత్తు కొలిచి చూడండి, తేడాలుంటే సన్నని జాయింట్‌కు పనికిరావు. సరఫరాదారు దగ్గర బలం పరీక్ష రిపోర్టు కూడా అడగండి.

ఒక చదరపు మీటరు గోడ 200 మిల్లీమీటర్ల బ్లాకుతో దాదాపు 120 కిలోలే. 230 మిల్లీమీటర్ల ఇటుక గోడైతే 400 కిలోలు దాటుతుంది. అయితే మీ పిల్లర్లు, బీములు ఇప్పటికే అయిపోయాయి కనుక ఇనుము ఆదా మీకు రాదు. పునాది డిజైన్‌కు ముందే ఇంజనీర్‌కు చెప్పినవాళ్లకే ఆ లాభం.

ప్రశ్న:
మేస్త్రికి ఏమేం చెప్పాలి?

జవాబు:
మొదటి వరస మామూలు సిమెంట్ మాలు మీద, రసమట్టంతో నిక్కచ్చిగా వేయించండి. అక్కడ వంకర వస్తే పైదాకా వస్తుంది. ఆపైన బ్లాకుల జిగురు మాలు 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందమే. నిలువు జాయింట్లు కూడా నింపాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. రోజుకు సుమారు 1.2 మీటర్ల ఎత్తు దాటకండి. కిటికీ అడుగు మట్టంలో, లింటెల్ (తలుపులు, కిటికీల పై దూలం) మట్టంలో సన్నని కాంక్రీట్ పట్టీ వేయండి. పిల్లర్‌లో కొన్ని వరసలకొకసారి సన్నని ఇనుప చువ్వ దింపి గోడలోకి కలపండి. బీమ్ కింద కొంచెం సందు వదిలి చివర్లో నింపాలి, లేకపోతే బీమ్ వంగినప్పుడు ఆ బరువు గోడ మీద పడుతుంది.

ప్లాస్టరింగ్‌కు ముందు ఆగగలిగినంత ఆగండి. పిల్లర్, బీమ్ అతుకులన్నిటి మీదా చికెన్ మెష్ (సన్నని ఇనుప తీగల వల) రెండువైపులా పరుచుకునేలా కొట్టించండి. ప్లాస్టరింగ్ మాలు సిమెంటు, ఇసుక 1:6 పాళ్లలో చాలు. "గట్టిగా ఉంటుంది" అని సిమెంటు పెంచితే అదే పగుళ్లు తెస్తుంది. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది.

మరొకరి ప్రశ్న:
గీజర్, వంటింటి అల్మారాలు బిగించవచ్చా? బాత్రూమ్‌లో నీరు పీల్చదా?

జవాబు:
మామూలు పొట్టి ప్లగ్గులు వదులవుతాయండీ. ఏఏసీ కోసమే వచ్చే పొడుగు నైలాన్ ప్లగ్గులు వాడండి. డ్రిల్లు హ్యామర్ మోడ్‌లో పెట్టకండి, రంధ్రం వెడల్పవుతుంది. నీళ్లు నిండిన 25 లీటర్ల గీజర్‌కు గోడ అవతలిదాకా బోల్టు వేసి వెనుక పలక పెట్టడం నాకు ధైర్యంగా అనిపిస్తుంది. కరెంటు గాడులు సుత్తి, ఉలితో కాకుండా కట్టర్‌తో కోయించండి.

బ్లాకు నీరు పీల్చే మాట నిజమే. బాత్రూమ్ గోడలకు టైల్స్ కన్నా ముందు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయాలి. నేలలోపల, ప్లింత్ (ఇంటి అరుగు మట్టం) కింద మాత్రం వీటిని వాడకండి, అక్కడ రాయి లేదా సాలిడ్ కాంక్రీట్ పెట్టి, పైన తేమ ఎక్కకుండా పొర వేశాకే బ్లాకు మొదలుపెట్టండి.