నాలుగో తరం ఐ5 మీద విండోస్ 11: దొడ్డిదారిన ఎక్కించాలా, వద్దా?

పాతడబ్బా: ఇంట్లో 2014 నాటి డెస్క్‌టాప్ ఉంది. ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఈ పీసీ విండోస్ 11కి పనికిరాదంటోంది. రూఫస్ అనే టూల్‌తో, షరతులు దాటవేసే ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేస్తే ఎక్కుతుందంటున్నారు. నాన్నగారు బ్యాంకు పనులన్నీ దీంట్లోనే చూసుకుంటారు. ఏం చేయమంటారు?

స్క్రూడ్రైవర్: ఎక్కించెయ్ బ్రో. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఎనిమిదో తరం ప్రాసెసర్... ఇవన్నీ కొత్త పీసీలు అమ్ముకోడానికి పెట్టిన షరతులు. నా మూడో తరం మిషన్‌లో హాయిగా నడుస్తోంది, నెలనెలా అప్‌డేట్లూ వస్తున్నాయి.

ఉత్తరాంధ్ర: నెలనెలా వచ్చేవి సరే, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ సంగతి? సపోర్ట్ లేని పీసీకి అది దానంతటది రాదు. హోమ్, ప్రో వాళ్లకి ఒక్కో వెర్షన్ ఆయుష్షు 24 నెలలే. 24హెచ్2 అనే వెర్షన్‌కి 2026 అక్టోబరు 13తో సరి. ప్రతిసారీ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) దించి చేత్తో ఎక్కించాలి. మీరు చేస్తారు, వాళ్ల నాన్నగారు చేస్తారా? పైగా 24హెచ్2 నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ4.2 అనే ఆదేశాల సెట్ లేకపోతే అసలు బూటే అవదు. అది లేని పాత కోర్ 2 డుయో ప్రాసెసర్ల మీద నెట్టుకొచ్చినవాళ్లు అక్కడే ఆగిపోయారు. ఈ ఐ5కి ఆ గండం లేదు గానీ, రేపు ఇంకేం అడుగుతారో?

ఇంకోటి. షరతులన్నీ వ్యాపారం కోసమే కాదు. హానికర కోడ్ విండోస్ లోపలికి చొరబడకుండా చూసే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణకి తోడ్పడే ఎంబీఈసీ అనే ప్రాసెసర్ సదుపాయం ఇంటెల్‌లో ఏడో తరం నుంచే ఉంది. అంతకు ముందు వాటిలో ఆ పని సాఫ్ట్‌వేర్‌తో లాగించాలి, వేగం పడిపోతుంది.

స్క్రూడ్రైవర్: మీ మాటే తీసుకుందాం. ఏడో తరంలో ఉందన్నారుగా, మరి ఏడో తరాన్నీ దాదాపు మొత్తంగా ఎందుకు వద్దన్నారు? మైక్రోసాఫ్ట్ వాళ్లు తాము అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 పీసీలో ఉన్న ఏడో తరం ఐ7-7820హెచ్‌క్యూని మాత్రం 2021లో జాబితాలోకి తెచ్చుకున్నారు. దీన్నేమంటారు?

ఉత్తరాంధ్ర: అన్యాయమే అంటాను. వాళ్లు చేసింది తప్పైనంత మాత్రాన మనం బ్యాంకు పీసీతో ప్రయోగాలు చేయక్కర్లేదు. పాతడబ్బా గారూ, ముందు ఆ హార్డ్ డిస్క్ తీసి సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. పీసీ స్లో అనిపిస్తే సగం దానివల్లే. తర్వాత విండోస్ 10లోనే ఈఎస్‌యూకి (మద్దతు అయ్యాక కూడా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇచ్చే పథకం) నమోదు చేసుకోండి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉంటే చాలు. 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి.

పెంగ్విన్‌పిల్ల: ఇంత తిప్పలెందుకు? విండోస్ బదులు లినక్స్ మింట్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేసేయండి. 22 సిరీస్‌కి 2029 దాకా సపోర్ట్. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు దాంట్లోనే ఉంది.

డీటీపీషాపు: తల్లీ, మా గోడు కూడా విను. ఇరవయ్యేళ్ల ఫైళ్లన్నీ పాత అను తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ఎక్కడైనా తెరుచుకునే యూనికోడ్ కాదు. పెళ్లి కార్డు పాత మేటర్ మార్చాలన్నా విండోస్ కావాలి. నేనైతే ఆ మిషన్‌కి నెట్ తీగ పీకేసి విండోస్ 10నే ఉంచుకున్నా. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెస్తాం, స్కాన్ చేశాకే పెడతాం.

పెంగ్విన్‌పిల్ల: మీ కేసు ఒప్పుకున్నాను బాబాయ్. బ్రౌజర్ తప్ప ఇంకేమీ తెరవని వాళ్ల నాన్నగారికి ఆ ఇబ్బంది ఎక్కడుంది?

స్క్రూడ్రైవర్: టాక్స్ పనికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ) వాడతారేమో ముందు అడగండి. దాని డ్రైవర్ మింట్‌లో కుదరకపోతే మళ్లీ నా పెన్‌డ్రైవ్ దగ్గరికే వస్తారు.

పాతడబ్బా: టోకెన్ లేదు. ఎస్‌ఎస్‌డీ ఆర్డర్ పెట్టేశా. ఈఎస్‌యూలో చేరి, పక్కన మింట్ కూడా వేసి చూపిస్తాను. ఆయన దేనికి అలవాటు పడితే అదే.