స్ట్రాట్ చేతికి లెస్ పాల్ కుదరట్లేదు: తీగ గట్టిగా ఉంది, బెండ్ మాత్రం పైకి పోతోంది

బెంజిసర్కిల్_బెండ్స్ అడిగారు:

ఇంట్లో వాయించేది స్ట్రాట్ రకం గిటార్. 9-42 తీగలు (సన్న తీగ, లావు తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), ట్రెమోలో బ్రిడ్జి (తీగల అడుగు కొసని పట్టుకుని స్ప్రింగుల మీద కదిలే భాగం) తేలేలా సెట్ చేసి ఉంది. చర్చి క్వయర్‌కి లెస్ పాల్ రకం గిటార్ వచ్చింది, ఆదివారం ఆరాధనకి ఇకమీదట అదే వాయించాలి. మూడు వారాలైనా చేతికి పరాయిగానే ఉంది. ఇబ్బందులు ఇవీ:

ఫుల్ బెండ్ (తీగని పక్కకి తోసి స్వరాన్ని రెండు ఫ్రెట్లు, అంటే నెక్ మీది రెండు లోహపు గళ్ళ మేర పెంచడం) తోస్తే ప్రతిసారీ స్వరం దాటి పైకి పోతోంది. కానీ తీగ మాత్రం ఇంటి గిటార్ కంటే గట్టిగా ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యం? పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగని సగం మూయడం) చేస్తే ఒకసారి తీగ పూర్తిగా చచ్చిపోతుంది, ఇంకోసారి అసలు మూగబోదు. కింది ఫ్రెట్ల నుంచి చూడకుండా 12కి జారితే వేలు 13లో పడుతోంది. నిలబడితే నెక్ మొత్తం ఎడమకు జరిగినట్టు, ఒకటో ఫ్రెట్ అందనట్టు ఉంటుంది. పాట మధ్యలో చిటికెన వేలితో వాల్యూమ్ తగ్గించడం కుదరట్లేదు.

ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) ఎప్పుడూ ముట్టుకోలేదు. గిటార్ చర్చిది కాబట్టి మళ్ళీ మొదటి స్థితికి తేగలిగే మార్పులే చెప్పండి.

---

ఆటోనగర్_ట్రస్‌రాడ్:

రెండూ ఒకేసారి సాధ్యమే, ఎందుకంటే రెండింటికీ కారణాలు వేరు.

గట్టిదనం ముందు చూద్దాం. స్ట్రాట్ స్కేల్ (తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ. లెస్ పాల్‌ది 24.75, అంటే దాదాపు 628. అదే తీగ, అదే శ్రుతి అయితే పొట్టి స్కేల్ మీద బిగువు సుమారు 6 శాతం తగ్గాలి. అయినా గట్టిగా ఉందంటే దాని మీద 10-46 సెట్ ఉండి ఉంటుంది. స్ట్రాట్ మీద 9 నంబరు మొదటి తీగ (అన్నిటికంటే సన్నది) బిగువు 5.9 కిలోలు. లెస్ పాల్ మీద 10 నంబరుది 6.9. ఆ కిలో తేడానే మీ వేళ్ళకి తెలుస్తోంది.

ఇక బెండ్. తేలే ట్రెమోలో మీద తీగ తోస్తే వెనక స్ప్రింగులు సాగి బ్రిడ్జి కొంచెం ముందుకు వంగుతుంది. అలా తగ్గిన స్వరాన్ని పూడ్చడానికి చెయ్యి తెలియకుండానే ఇంకాస్త ఎక్కువ తోస్తుంది. మీ వేళ్ళు ఆ అదనపు తోపుకి అలవాటు పడ్డాయి. లెస్ పాల్ బ్రిడ్జి కదలదు. అక్కడ అంతే దూరం తోస్తే స్వరం దాటిపోక ఏమవుతుంది?

12 బదులు 13లో పడడం కూడా స్కేల్ లెక్కే. నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ దూరం స్ట్రాట్ మీద 324 మి.మీ., దీని మీద 314. ఒకటో ఫ్రెట్ దగ్గర తేడా ఒక్క మిల్లీమీటరే కాబట్టి కింది కార్డ్స్‌లో తెలియదు. పొడవాటి స్లైడ్‌లో సెంటీమీటరు బయటపడుతుంది.

చేతిని తిట్టుకునే ముందు గిటార్‌ని కొలవండి. ఫీలర్ గేజ్ కోసం మ్యూజిక్ షాపుల వెంట తిరగక్కర్లేదు, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో అడగండి. ఇంజిన్ వాల్వ్ సందు కొలిచేదీ అదే. దాంతోపాటు అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, ఒక కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్).

శ్రుతి చేసి, గిటార్‌ని వాయించే భంగిమలోనే పట్టుకోండి. బల్ల మీద పడుకోబెడితే నెక్ బరువుకి కొలత మారుతుంది. ఒకటో ఫ్రెట్‌కి కాపో పెట్టి, నెక్ బాడీలో కలిసే చోట ఆరో తీగని నొక్కి, 7-8 ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. 0.2 నుంచి 0.25 మి.మీ. ఉంటే రాడ్ జోలికి వెళ్ళొద్దు. ఆ తర్వాత కాపో తీసేసి 12వ ఫ్రెట్ మీద యాక్షన్ (ఫ్రెట్ నుంచి తీగ ఎత్తు) కొలవండి: ఆరో తీగకి 2 మి.మీ., మొదటి తీగకి 1.2 నుంచి 1.5 లోపు ఉంటే బాగుంటుంది. అంకెలు ఇక్కడ పెట్టండి, మిగతాది అప్పుడు చెప్తా. అంతవరకూ రాడ్ తిప్పకండి.

---

అరండల్‌పేట_ఆర్పెజియో:

పై అన్న చెప్పిన లెక్క సరైనదే. తీగల విషయంలో ఒక మాట కలుపుతాను. 10 గట్టిగా ఉందని నేరుగా 9 సెట్‌కి దిగకండి. ఈ స్కేల్ మీద 9 బిగువు 5.6 కిలోలకి పడిపోతుంది. అప్పుడు కార్డ్ పట్టినా తీగ పక్కకి జరిగి శ్రుతి తప్పుతుంది. మధ్యలో 9.5-44 సెట్ ఉంది. దాని మొదటి తీగ 6.2 కిలోల దగ్గర ఉంటుంది, మీ స్ట్రాట్ 9కి దాదాపు అదే స్పర్శ. అర స్వరం దించి ఒకటో ఫ్రెట్‌కి కాపో పెట్టే చిట్కా ఒకటుంది, బిగువు తగ్గుతుంది గానీ నెక్ మీద చుక్కలన్నీ ఒక ఫ్రెట్ తప్పుతాయి. అసలే 12 దొరకట్లేదంటున్నారు, మీకు వద్దు.

పామ్ మ్యూట్‌కి కారణం బ్రిడ్జి ఎత్తు. స్ట్రాట్‌లో శాడిల్స్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే ముక్కలు) బాడీకి దగ్గరగా ఉంటాయి, అరచెయ్యి బాడీ మీద వాలి విశ్రాంతిగా ఉంటుంది. లెస్ పాల్‌లో నెక్ వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి బ్రిడ్జి ఎత్తుగా నిలబడుతుంది. పాత అలవాటుతో మణికట్టుని కిందకి వాల్చితే చెయ్యి బ్రిడ్జి ముందుకి జారి తీగని చంపేస్తుంది, కొంచెం వెనక్కి పోతే శాడిల్ మీదే ఉండిపోయి తీగ మోగుతుంది. మోచేతిని గిటార్ అంచు మీద కొంచెం పైకి జరపండి. అరచేతి చిటికెన వేలి వైపు అంచు సగం శాడిల్స్ మీద, సగం తీగల మీద ఉండాలి. మెట్రోనోమ్ 70లో పెట్టి, ఆరో తీగ ఖాళీగా ఎనిమిదో భాగపు నోట్లు కొడుతూ, నాలుగు బార్లకోసారి చేతిని రెండు మిల్లీమీటర్లు ముందుకి, వెనక్కి జరపండి. మంచి "చగ్" మొత్తం నాలుగైదు మిల్లీమీటర్ల పట్టీలోనే ఉంటుంది. ఆ పట్టీ ఎక్కడుందో చేతికి తెలిస్తే చాలు. బ్రిడ్జి కింద చక్రాలు దించి దీన్ని సరిచేద్దామని మాత్రం చూడొద్దు, యాక్షన్ పోతుంది.

నెక్ ఎడమకు పోవడం భ్రమ కాదు. స్ట్రాట్ పై కొమ్ము 12వ ఫ్రెట్ దాకా వస్తుంది, స్ట్రాప్ బటన్ దాని కొసన ఉంటుంది. లెస్ పాల్‌కి పై కొమ్ము లేదు, బటన్ నెక్ మొదట్లో భుజం దగ్గర ఉంటుంది. అందుకే గిటార్ మొత్తం ఎడమ వైపు వేలాడుతుంది. స్ట్రాప్ నాలుగైదు సెంటీమీటర్లు పొట్టి చేసి, హెడ్‌స్టాక్‌ని కొంచెం పైకెత్తి పట్టండి, ఒకటో ఫ్రెట్ దగ్గరకొస్తుంది. బరువు నాలుగు కిలోలు దాటితే 7-8 సెం.మీ. వెడల్పున్న తోలు స్ట్రాప్ వాడండి. నైలాన్ పట్టీ అయితే రెండో పాటకే భుజం నొప్పి.

---

గుణదల_రిథమ్:

వాల్యూమ్ గురించి ఎవరూ మాట్లాడలేదు గురూ.

దీంట్లో వాల్యూమ్ నాబ్ తీగలకి దూరం, చిటికెన వేలితో అందదు. దానికోసం చెయ్యి సాగదీయకండి. ఒక్కో పికప్‌కి (తీగ శబ్దాన్ని పట్టే భాగం) ఒక వాల్యూమ్ ఉంది కదా, దాన్నే వాడుకోండి. బ్రిడ్జి పికప్ వాల్యూమ్ 10లో, నెక్ పికప్ వాల్యూమ్ 6లో పెట్టేయండి. చరణానికి స్విచ్ పైకి (నెక్ పికప్), పల్లవికి కిందకి (బ్రిడ్జి పికప్). ఒక్క దెబ్బకి వాల్యూమూ మారుతుంది, టోనూ మారుతుంది. ఒక్కటి గుర్తు: స్విచ్ మధ్యలో ఉన్నప్పుడు మామూలు వైరింగ్‌లో ఏదో ఒక వాల్యూమ్ సున్నా చేసినా మొత్తం సౌండ్ ఆగిపోతుంది. ఆరాధన మధ్యలో ఆంప్ పోయిందని కంగారుపడేది చాలాసార్లు దీనికే.

హంబకర్ (దీని రెండు చుట్ల పికప్) అవుట్‌పుట్ సింగిల్ కాయిల్ (స్ట్రాట్ ఒంటి చుట్ట పికప్) కంటే ఎక్కువ. స్ట్రాట్‌కి సరిపోయిన గెయిన్ దీనికి పగిలిపోతుంది. ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌లో ప్యాచ్‌ని (సేవ్ చేసిన సౌండ్ సెట్టింగ్) కాపీ చేసి, డ్రైవ్ గెయిన్ పావు వంతు, బేస్ కొంచెం తగ్గించి ఈ గిటార్ పేరుతో వేరేగా సేవ్ చేసుకోండి. పాత ప్యాచ్ మార్చేస్తే ఇంటి గిటార్ పల్చగా వినిపిస్తుంది.

---

బెంజిసర్కిల్_బెండ్స్:

కొలిచానండి. తీగలు 10-46 అని ప్యాకెట్ మీద ఉంది. నెక్ సందు 0.45. యాక్షన్ ఆరో తీగకి 2.6, మొదటి తీగకి 2.0. స్ట్రాట్ మీద 1.8, 1.6 ఉన్నాయి. 9.5 ఆర్డర్ పెట్టాను. ఇంకో సంగతి, జి తీగ (మూడోది) బెండ్ చేశాక ప్రతిసారీ శ్రుతి తప్పుతోంది, పెగ్ తిప్పితే "టిక్" మంటుంది.

---

ఆటోనగర్_ట్రస్‌రాడ్:

ఇంకేం, సగం తప్పు గిటార్‌దే. యాక్షన్ అంత ఎత్తుంటే ఫ్రెట్ దాకా నొక్కడానికే తీగ సాగి స్వరం పైకి పోతుంది, దాని మీద బెండ్ కూడా తోడవుతుంది.

వరస తప్పకండి. ముందు తీగలు మార్చండి. 9.5కి బిగువు తగ్గుతుంది, దానికే నెక్ కొంచెం నిటారవుతుంది. 10 మీద రాడ్ సరిచేసి ఆ తర్వాత తీగలు మారిస్తే నెక్ వెనక్కి వంగి మొదటి ఫ్రెట్లలో బజ్ వస్తుంది. కొత్త తీగలు వేసి, బాగా లాగి, ఒక రాత్రి వదిలేసి మళ్ళీ కొలవండి. అదీ చర్చిలోనే, కేసులోంచి తీసిన అరగంట తర్వాత. ఇంట్లో ఏసీ గదిలో కొలిచిన 0.25, వర్షాకాలంలో కృష్ణ ఒడ్డు తేమకి ఊరిన నెక్ మీద ఉండదు.

హెడ్‌స్టాక్ మీద గంట ఆకారపు మూత తీస్తే రాడ్ నట్టు కనిపిస్తుంది. సరిగ్గా పట్టే కీ తోనే తిప్పండి, వదులు కీ అంచులు తినేస్తుంది. గడియారం తిరిగే దిశలో పావు చుట్టు తిప్పితే సందు తగ్గుతుంది. శ్రుతి చేసి మళ్ళీ కొలవండి. 0.25 వస్తే ఆపేయండి. రాకపోతే ఇంకో పావు, అదీ మర్నాడు. నట్టు మొండికేస్తే బలం వాడొద్దు, పని తెలిసినవాళ్ళకి ఇచ్చేయండి.

ఆ తర్వాతే బ్రిడ్జి. తీగల్ని రెండు స్వరాలు వదులు చేసి రెండు చక్రాల్నీ తిప్పి దించండి. బిగువు మీద తిప్పితే చక్రం కదలదు, పట్టకారు పెడితే పూత గీసుకుపోతుంది. చివరగా ఇంటొనేషన్ (నెక్ పొడవునా శ్రుతి సరిపోవడం): 12 దగ్గర హార్మోనిక్‌కీ (తీగని తాకీ తాకనట్టు మోగించే స్వరం), నొక్కిన స్వరానికీ తేడా చూడండి. నొక్కింది ఎక్కువ పలికితే శాడిల్‌ని టెయిల్‌పీస్ వైపు, తక్కువ పలికితే నెక్ వైపు జరపాలి.

"టిక్" శబ్దం నట్‌లో తీగ ఇరుక్కోవడం. రెండు వైపులా మూడేసి పెగ్‌లున్న హెడ్‌స్టాక్‌లో జి తీగ పక్కకి వంగి వెళ్తుంది, అక్కడే ఆగుతుంది. తీగ పక్కకి తీసి ఆ గాడిలో మెత్తని 4బి పెన్సిల్ నాలుగుసార్లు గియ్యండి. ఆకురాయి మాత్రం పెట్టొద్దు, గాడి లోతైతే వెనక్కి తేలేరు.

---

అరండల్‌పేట_ఆర్పెజియో:

ఇది అయ్యాక బెండ్‌కి పది రోజులు ఇవ్వండి. రెండో తీగ 10వ ఫ్రెట్ కొట్టి విని, 8కి వచ్చి అక్కడి నుంచి 10 స్వరం దాకా మాత్రమే తొయ్యండి, ట్యూనర్ ఎదురుగా పెట్టి. కళ్ళు ట్యూనర్ ముల్లు మీద పెట్టకుండా చెవితో స్వరం చేరి, చేరాక చూడండి. ఇదే వెంటనే స్ట్రాట్ మీద చెయ్యండి, ఐదు నిమిషాలు అదీ, ఐదు నిమిషాలు ఇదీ. ఒక్కటే వాయిస్తే మళ్ళీ ఇంటి గిటార్ మీద బెండ్‌లు కింద పడిపోతాయి.

---

బెంజిసర్కిల్_బెండ్స్:

9.5 వేశాక 0.40కి వచ్చింది. పావు చుట్టుకి 0.28. ఇంకో పావు తిప్పాలా?

---

ఆటోనగర్_ట్రస్‌రాడ్:

వద్దు. ఆపేసి బ్రిడ్జి దించండి. ఎండాకాలం తేమ తగ్గితే ఆ 0.03 దానంతటదే పోతుంది, ఏప్రిల్‌లో ఒకసారి కొలిచి చూడండి.